చలివాగు నుంచి మానేరు దాకా... పరకాల సైకిల్ దారులు

పరకాల: చెరువు కట్టలు, వాగు ఒడ్డులు, పత్తి చేల నడుమ సాగే సన్నని తారురోడ్లు, దూరాన ఇసుకరాతి గుట్టలు... పరకాల పట్టణం నుంచి ఏ దిక్కుకు బయలుదేరినా కొద్దిసేపటికే ఇవి ఎదురవుతాయి. సైకిల్‌పై వెళ్లేవారికి ఇంతకన్నా అనువైన నేల దొరకడం అరుదు. పెద్ద ఎత్తుపల్లాలు లేవు. ఊరికీ ఊరికీ మధ్య దూరం తక్కువ. దాహం వేస్తే నీళ్లిచ్చే ఇల్లు, నీడకు వేపచెట్టు ప్రతి పల్లెలోనూ ఉంటాయి.

ఈ ప్రాంతంలో సైకిల్ ఒకప్పుడు విహార సాధనం కాదు, బతుకుదెరువు. పాలక్యాన్లు, కల్లుకుండలు, బట్టల మూటలు, ఉత్తరాల సంచులు దానిమీదే ఊళ్లు తిరిగాయి. సొంత సైకిల్ లేనివారికి గంట లెక్కన కిరాయికిచ్చే దుకాణాలు ఉండేవి. మోటారు వాహనాలు పెరిగేకొద్దీ ఆ దుకాణాలు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. ఇప్పుడు ఆరోగ్యం కోసం, ఆహ్లాదం కోసం మళ్లీ సైకిల్ ఎక్కుతున్నవారు కనిపిస్తున్నారు. అయితే దారులు నాటివి కావు. రహదారులు వెడల్పయ్యాయి, వాటిపై వేగమూ పెరిగింది. బొగ్గు, ఇసుక, బూడిద మోసే లారీలు రాత్రింబవళ్లు తిరుగుతున్నాయి. అందుకే పరకాల పరిసరాల్లో సైకిల్ యాత్రకు ముందుగా తేల్చుకోవలసింది ఎంత దూరం వెళ్లాలన్నది కాదు, ఏ దారిన వెళ్లాలన్నది.

ఆ దారులను తీర్చిదిద్దింది నీరే. చలివాగు, మోరంచవాగు, మానేరు, కాకతీయుల నాటి చెరువులు ఈ ప్రాంతపు అందానికి మూలం. వానాకాలంలో అపాయానికి మూలమూ అవే. ఈ రెండింటినీ దృష్టిలో ఉంచుకొని, పరకాల కేంద్రంగా సైకిల్‌పై వెళ్లదగిన ప్రధాన దారుల వివరాలు ఇవి.

నాలుగు జిల్లాల కూడలి

పరకాల పట్టణం హనుమకొండకు సుమారు 35 కి.మీ. దూరంలో ఉంది. భూపాలపల్లికీ దాదాపు అంతే దూరం. ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఉన్న ఈ ప్రాంతం 2016 అక్టోబరు 11 నాటి పునర్విభజనలో వరంగల్ గ్రామీణ జిల్లాలో చేరింది. 2021 ఆగస్టులో జరిగిన మార్పులతో హనుమకొండ జిల్లా పరిధిలోకి వచ్చింది. ఇక్కడి నుంచి ఈశాన్యానికి వెళితే జయశంకర్ భూపాలపల్లి జిల్లా, తూర్పున ములుగు జిల్లా, మానేరు దాటితే పెద్దపల్లి జిల్లా. పరకాల నుంచి బయలుదేరే సైకిల్ దారులు ఈ నాలుగు జిల్లాల్లోకి విస్తరిస్తాయి.

యాత్రకు పట్టణంలోని అమరధామం సరైన ఆరంభ స్థానం. హైదరాబాద్ సంస్థానం ఇంకా భారత యూనియన్‌లో కలవని రోజుల్లో, 1947 సెప్టెంబరు 2న, ఇక్కడ జాతీయ జెండా ఎగురవేసేందుకు తరలివచ్చిన చుట్టుపక్కల పల్లెల ప్రజలపై నిజాం పోలీసులు, రజాకార్లు కాల్పులు జరిపారు. పలువురు నేలకొరిగారు. దక్షిణాది జలియన్‌వాలాబాగ్‌గా పేరుపడిన ఈ ఘటనకు గుర్తుగా 2003లో అమరధామం వెలిసింది. ఆ రోజు జనం నడిచి వచ్చిన ఊళ్ల దారులే నేటి సైకిల్ దారులు. పట్టణంలోని కుంకుమేశ్వరాలయం కూడా తెల్లవారుజామున బయలుదేరేవారు ఆగి వెళ్లదగిన చోటు.

మొదటి దారి: చలివాగు వెంట

కొత్తగా సైకిల్ తొక్కడం మొదలుపెట్టినవారికి, పిల్లలను వెంట తీసుకెళ్లేవారికి శాయంపేట దారి అనువైనది. ఉదయం బయలుదేరి, ఎండ ముదరక ముందే ఇల్లు చేరవచ్చు. శాయంపేట మండలం జోగంపల్లి వద్ద చలివాగుపై నిర్మించిన జలాశయం ఈ దారికి గమ్యం. కట్టపై నిలబడితే ఒకవైపు విశాలమైన నీరు, మరోవైపు ఆయకట్టు పొలాలు కనిపిస్తాయి. చలికాలం ఉదయాల్లో మంచుతెర తొలగకముందే ఇక్కడికి చేరుకుంటే కొంగలు, నీటికోళ్ల సందడి చూడవచ్చు.

దారిలో నేల స్వభావం మారడాన్ని సైకిల్‌పై వెళ్లేవారే బాగా గమనించగలరు. నల్లరెగడి ఉన్నచోట పత్తి, మిరప. ఎర్రచెల్కల్లో కంది, మొక్కజొన్న. చెరువు కింద వరి. పత్తి తీతకు వెళ్లే కూలీల ఆటోలు, ట్రాలీలు ఉదయం ఏడు, ఎనిమిది గంటల మధ్య ఎక్కువగా తిరుగుతాయి. ఆ వేళకు ముందే వెళ్లడం మేలు.

జలాశయాల కట్టలు విహారం కోసం కట్టినవి కావు. తూముల వద్ద, మత్తడి వద్ద సైకిల్ దిగి నడవాలి. మత్తడి పారుతున్నప్పుడు దానిపై పట్టే నాచు నూనెకన్నా జారుతుంది. నీటి మట్టం ఎంత తక్కువగా కనిపించినా పారే మత్తడిని సైకిల్‌తో దాటే ప్రయత్నం చేయరాదు.

రెండో దారి: మానేరు ఒడ్డుకు

నదీతీర గ్రామాన్ని చూడాలనుకునేవారికి పరకాల నుంచి మొగుళ్లపల్లి, టేకుమట్ల మీదుగా గర్మిళ్లపల్లి చేరే దారి ఉంది. రానుపోను దాదాపు రోజంతా పట్టే ప్రయాణం. మొగుళ్లపల్లి దాటిన తరువాత వాహనాల రద్దీ తగ్గుతుంది. తాటివనాలు, ఈతచెట్లు, గొర్రెల మందలు, చేనుగట్ల మీద తంగేడు పొదలు వెంట వస్తాయి. చలివాగు కూడా ఈ మండలాల గుండానే మానేరు వైపు సాగుతుంది.

గోదావరి ఉపనదుల్లో మానేరు ప్రధానమైనది. ఎగువన నర్మాల, ఆపైన మధ్య మానేరు, కరీంనగర్ వద్ద దిగువ మానేరు జలాశయాలను నింపి, మంథని ప్రాంతంలో గోదావరిలో కలుస్తుంది. గర్మిళ్లపల్లి వద్ద వేసవిలో నది అంటే విశాలమైన ఇసుక మేట, దాని నడుమ సన్నని పాయ. వానాకాలంలో ఒడ్డు నుంచి ఒడ్డుకు ఎర్రనీరు. రెండు రూపాలూ చూడదగినవే. దాటదగినది మాత్రం ఒక్కటే.

ఈ ఊరికి, అవతలి ఒడ్డున పెద్దపల్లి జిల్లా ముత్తారం మండలంలోని ఓడేడుకు మధ్య 2016లో వంతెన నిర్మాణం ప్రారంభమైంది. పూర్తయితే పరకాల, మంథని, జమ్మికుంట పట్టణాల మధ్య దూరం సుమారు 50 కి.మీ. తగ్గుతుందని అంచనా. పనులు ఏళ్ల తరబడి సాగాయి. 2024 ఏప్రిల్ 22 రాత్రి వీచిన ఈదురుగాలులకు వంతెన గర్డర్లు కూలిపడ్డాయి. అదృష్టవశాత్తు ఎవరికీ ప్రాణాపాయం కలగలేదు. ఎనిమిదేళ్లుగా వంతెన కోసం చూసిన రెండు ఒడ్డుల ప్రజలకు మిగిలింది నదిలో వేసుకున్న మట్టిబాటే. వరద వస్తే అదీ కొట్టుకుపోతుంది.

సైకిల్ యాత్రికుడికి ఈ ఒడ్డు ఒక పాఠం. పటంలో గీత ఉన్నంత మాత్రాన నేలపై దారి ఉన్నట్లు కాదు. మానేరు దాటి మంథని వైపు వెళ్లాలని తలపెట్టేవారు ముందుగా టేకుమట్లలోనే స్థానికులను అడిగి నిర్ధారించుకోవాలి. లేకుంటే గర్మిళ్లపల్లినే గమ్యంగా పెట్టుకొని వచ్చిన దారినే తిరిగి రావాలి. ఇసుక ట్రాక్టర్లు తిరిగే బాటల్లో చక్రం కూరుకుపోతుంది. అక్కడ సైకిల్‌ను చేతబట్టి నడిపించడం తప్ప మరో మార్గం లేదు.

మూడో దారి: గుట్టల నీడన

పరకాల నుంచి ఈశాన్యంగా రేగొండ మండలంలోకి వెళ్లే దారి ఈ ప్రాంతంలోకెల్లా వైవిధ్యం గలది. కొడవటంచలో లక్ష్మీనరసింహస్వామి ఆలయం ఉంది. ఫాల్గుణ పౌర్ణమి వేళ జరిగే జాతరకు ఉమ్మడి జిల్లా నలుమూలల నుంచి భక్తులు వస్తారు. తిరుమలగిరి గుట్టల్లో బుగులోని వేంకటేశ్వరస్వామి జాతర కార్తీక పౌర్ణమికి జరుగుతుంది. ఒకప్పుడు ఎడ్లబండ్లు కట్టుకొని వెళ్లే జాతరలు ఇవి. జాతర రోజుల్లో ఈ దారులు కిక్కిరిసిపోతాయి. సైకిల్ యాత్రకు మిగిలిన రోజులే అనుకూలం.

ఈ దారిలో ప్రధాన ఆకర్షణ పాండవుల గుట్టలు. ఇసుకరాతి గుట్టల్లోని గుహల గోడలపై ఆదిమానవులు వేసిన చిత్రాలు 1990లో వెలుగుచూశాయి. దున్న, జింక, పులి వంటి జంతువులు, ఆయుధాలు, వలయాలు, చతురస్రాలు ఎరుపు, ఆకుపచ్చ, పసుపు, తెలుపు రంగుల్లో కనిపిస్తాయి. ఎదురు పాండవులు, గొంతెమ్మ గవి, మేకలబండ వంటి పేర్లతో స్థానికులు ఈ చోట్లను పిలుస్తారు. అటవీశాఖ ఇక్కడ రాతి కొండలెక్కే క్రీడను ప్రోత్సహించింది. చిత్రాలపై చేయి వేయడం, నీళ్లు చల్లి ఫొటోలు తీయడం వల్ల వేల ఏళ్ల రంగులు చెరిగిపోతాయని సందర్శకులు గుర్తించాలి. సైకిళ్లను గుట్ట కిందనే వదిలి నడిచి వెళ్లాలి. సాయంత్రం చీకటి పడకముందే తిరుగు ప్రయాణం కావడం క్షేమకరం.

ఈ దారిలో కొంత భాగం భూపాలపల్లి రహదారితో కలుస్తుంది. ఆత్మకూరు సమీపంలో 163వ నంబరు జాతీయ రహదారి నుంచి విడివడి, భూపాలపల్లి, కాళేశ్వరం మీదుగా మహారాష్ట్రలోని సిరోంచ వైపు సాగే 353-సి జాతీయ రహదారి ఇదే. సింగరేణి బొగ్గు, చెల్పూరు వద్ద ఉన్న 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం బూడిద, నదుల ఇసుక... అన్నీ ఈ రహదారి పైనే కదులుతాయి. వేగంగా దూసుకెళ్లే లారీ పక్కన పుట్టే గాలి విసురుకు సైకిల్ తొలుత బయటికి నెట్టినట్లు, ఆ వెంటనే లోపలికి లాగినట్లు ఊగుతుంది. తారు అంచుకూ పక్కన మట్టికీ మధ్య ఎత్తు తేడా ఉన్నచోట ఆ ఊపే పడిపోవడానికి చాలు. వీలున్నంత వరకు ఊళ్ల మీదుగా పోయే దారులను ఎంచుకొని, రహదారిని దాటడానికి మాత్రమే వాడుకోవాలి.

నాలుగో దారి: కాకతీయుల బాటలో

అలవాటున్నవారికి మాత్రమే తగిన దారి ఇది. రేగొండ దాటి గణపురం చేరితే కోటగుళ్లు కనిపిస్తాయి. రాతి ప్రాకారం లోపల చిన్నవీ పెద్దవీ కలిపి 22 గుళ్లున్న ఈ సముదాయం గణపతిదేవుని కాలం నాటిది. పక్కనే విశాలమైన గణపురం చెరువు. అక్కడి నుంచి సుమారు 10 కి.మీ. ప్రయాణిస్తే ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం పాలంపేటలోని రామప్ప ఆలయం వస్తుంది.

కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడు నిర్మించిన ఈ రుద్రేశ్వరాలయం శాసనం క్రీ.శ. 1213 నాటిది. నీటిపై తేలే తేలికపాటి ఇటుకల గోపురం, ఇసుక పోసి దట్టించిన పునాది, నల్లరాతి నాగినీ మదనికల శిల్పాలు దీని ప్రత్యేకతలు. 2021 జులై 25న యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. ఆలయానికి సమీపంలోని రామప్ప చెరువు గుట్టల నడుమ కట్టిన కట్టతో ఏర్పడింది. గుడి, చెరువు, ఊరు అనే మూడింటినీ ఒకచోట నిలిపిన కాకతీయుల పద్ధతిని సైకిల్‌పై వెళ్లేవారు దారి పొడవునా చూడవచ్చు. చెరువు నిండితే మత్తడి, మత్తడి పారితే వాగు, వాగు చేరేది కింది ఊరి చెరువు. ఈ గొలుసుకట్టు చెరువుల వెంటే ఊళ్లు ఏర్పడ్డాయి. ఊళ్ల వెంట దారులు ఏర్పడ్డాయి. 2015లో మొదలైన మిషన్ కాకతీయ కింద చెరువుల పూడిక తీసి, కట్టలను బలపరచడంతో పలు కట్టలపై రాకపోకలు సులువయ్యాయి.

రామప్పలో రాత్రి బస చేసి మరునాడు తిరిగి రావడం మంచిది. ఒకే రోజులో వెళ్లి రావాలంటే దేహదారుఢ్యంతో పాటు తెల్లవారక ముందే బయలుదేరే క్రమశిక్షణ కావాలి.

అయిదో దారి: కటాక్షపురం చెరువు

దక్షిణ దిశగా ఆత్మకూరు మండలంలోకి వెళితే అగ్రంపహాడ్, కటాక్షపురం వస్తాయి. సమ్మక్క సారలమ్మ జాతరకు మేడారం తరువాత చెప్పుకోదగిన చోటు అగ్రంపహాడ్. కటాక్షపురంలో పెద్ద చెరువు, కాకతీయుల నాటి శిథిల త్రికూటాలయాలు ఉన్నాయి. చెరువు కట్టను ఆనుకొనే 163వ నంబరు జాతీయ రహదారి సాగుతుంది. భారీ వర్షాలకు ఈ చెరువు మత్తడి పోసి రహదారిపైకి నీరు చేరి, హనుమకొండ-ములుగు మధ్య రాకపోకలు నిలిచిపోయిన సందర్భాలు అనేకం. జాతీయ రహదారినే ఆపగల నీటి ముందు సైకిల్ ఎంత?

రెండేళ్లకోసారి మాఘమాసంలో మేడారం జాతర జరిగే వారంలో ఈ దారిన సైకిల్ యాత్ర తలపెట్టకపోవడమే ఉత్తమం. లక్షలాది వాహనాలు ఒకే దిశలో కదిలే రోజులవి.

వాన చెప్పిన పాఠం

2023 జులై 27 ఈ ప్రాంత ప్రజలు మరచిపోలేని రోజు. ఆ ఉదయంతో ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 649.8 మి.మీ. వర్షం కురిసింది. తెలంగాణలో ఒక్కరోజులో నమోదైన అత్యధిక వర్షపాతం అదే. పరకాలకు పొరుగున ఉన్న చిట్యాలలో 616.5 మి.మీ. నమోదైంది. మోరంచవాగు పొంగి, భూపాలపల్లి రహదారి పక్కనున్న మోరంచపల్లి గ్రామం తెల్లవారేసరికి నీట మునిగింది. జనం ఇళ్ల కప్పులెక్కి, చెట్లెక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. హెలికాప్టర్లు, పడవలతో సహాయక బృందాలు రంగంలోకి దిగాయి. అయినా ప్రాణనష్టం తప్పలేదు.

ముందురోజు మధ్యాహ్నం ఆ వాగును చూసినవారు మరునాటి ఉగ్రరూపాన్ని ఊహించలేరు. ఇక్కడి వాగులన్నిటి స్వభావం అదే. ఏడాదిలో ఎక్కువ రోజులు మోకాలి లోతు కూడా ఉండవు. ఎగువన చెరువులు నిండి మత్తడి దూకినప్పుడు, తలపై చినుకు పడకపోయినా, గంటల్లో పొంగుతాయి. ఊళ్ల దారుల్లో ఉన్నవి చాలావరకు లోలెవల్ వంతెనలు. కొన్నింటికి పక్క గోడలు కూడా ఉండవు. నీరు కప్పితే తారు ఎక్కడ ముగిసిందో, గుంత ఎక్కడ మొదలైందో తెలియదు.

వేగంగా పారే నీరు అరడుగు లోతున్నా నిలబడిన మనిషిని పడదోయగలదు. సైకిల్ తేలిక. దాని రెండు చక్రాలూ ప్రవాహానికి అడ్డుగా నిలుస్తాయి. కనుక పాటించవలసిన నియమం ఒక్కటే. లోలెవల్ వంతెనపై నీరు పారుతుంటే, ట్రాక్టర్లు దాటుతున్నా సరే, సైకిల్ వెనక్కి తిప్పాలి. జులై నుంచి అక్టోబరు మొదటి వారం వరకు వాగు దాటవలసిన ఏ దారిలోనైనా తిరుగు ప్రయాణానికి మరో దారి ముందే తెలుసుకొని ఉండాలి.

ఏ రుతువులో ఏ దారి?

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అన్ని దారులూ అనుకూలం. ఉదయం చలి, మంచు ఉంటాయి. మంచులో లారీ డ్రైవర్లకు సైకిల్ కనిపించదు. వెనుక ఎర్రదీపం, లేత రంగు చొక్కా తప్పనిసరి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో గుట్టల దారిలో మోదుగులు విరగబూస్తాయి. కల్లాల్లో మిరప ఎర్రగా ఆరుతుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో ఎండలు 45 డిగ్రీలకు చేరతాయి. ఉదయం తొమ్మిది లోపు ముగిసే చలివాగు దారి తప్ప మిగిలినవి మానుకోవాలి. బతుకమ్మ పండుగ రోజుల్లో చేనుగట్లన్నీ తంగేడు, గునుగు పూలతో నిండుతాయి. వాగులు తగ్గి ఉంటే ఏడాదిలోకెల్లా అందమైన వారాలు అవే.

వరికోతల కాలంలో, అంటే అక్టోబరు చివర నుంచి డిసెంబరు వరకు, మళ్లీ ఏప్రిల్, మే నెలల్లో, మరో చిక్కు ఉంది. కల్లాలు చాలక రైతులు తారురోడ్డుపైనే వడ్లు ఆరబోస్తారు. వాహనాలు ఎక్కకుండా చుట్టూ రాళ్లు పేరుస్తారు. రాత్రిపూట నల్లని కవర్లు కప్పిన ఆ రాశులు, రాళ్లు దీపం వెలుగులోనూ ఆలస్యంగా కనిపిస్తాయి. వడ్లపై చక్రం పట్టు తప్పుతుంది. పైగా అది రైతు ఆరునెలల కష్టం. దిగి నడిపించుకుంటూ పక్కనుంచి వెళ్లడమే పద్ధతి. సూర్యాస్తమయం తరువాత ఊళ్ల దారుల్లో సైకిల్ యాత్ర వద్దు.

సైకిల్ ఎలా ఉండాలి?

ఖరీదైన గేర్ల సైకిల్ ఈ దారులకు తప్పనిసరి కాదు. బ్రేకులు, చైను, టైర్లు సరిగా ఉన్న మామూలు సైకిల్ చాలు. మరీ సన్నని టైర్లు మొరం దారిలో నిలవవు. కొంచెం వెడల్పాటివి మేలు. తుమ్మముళ్లు, పల్లేరుకాయలు ఇక్కడి పంక్చర్లకు ప్రధాన కారణం. పరకాల, రేగొండ, టేకుమట్ల వంటి మండల కేంద్రాలు దాటితే సైకిల్ బాగుచేసేవారు దొరకడం కష్టం. ఒక విడి ట్యూబు, గాలిపంపు, టైరు విప్పే పట్టీలు, పంక్చర్ అతుకులు వెంట ఉండాలి. వాటిని వాడటం ఇంటి దగ్గరే నేర్చుకోవాలి.

గంటకు అరలీటరు నుంచి ముప్పావు లీటరు నీరు అవసరం. మజ్జిగ, ఉప్పు కలిపిన నిమ్మరసం, అరటిపండ్లు, పల్లీపట్టీలు దారిలో దొరికే మంచి ఆహారం. శిరస్త్రాణం ధరించాలి. ఫోన్ సంకేతం గుట్టల వద్ద అందకపోవచ్చు. కనుక వెళ్లే దారి, తిరిగివచ్చే వేళ ఇంట్లో చెప్పి బయలుదేరాలి. ప్రమాదం జరిగితే 108కు ఫోన్ చేసి, ఊరి పేరుతో పాటు సమీపంలోని గుడి, బడి, చెరువు పేరు చెబితే అంబులెన్స్ త్వరగా చేరుతుంది.

దూరప్రాంతాల నుంచి రైలులో సైకిల్ తెచ్చుకునేవారికి కాజీపేట, జమ్మికుంట స్టేషన్లు అందుబాటులో ఉన్నాయి.

సుదూర యాత్రికులకు కాళేశ్వరం

పరకాల నుంచి కాళేశ్వరం సుమారు 100 కి.మీ. గోదావరి, ప్రాణహిత సంగమం, ఒకే పానవట్టంపై రెండు లింగాలున్న ముక్తేశ్వరాలయం అక్కడి విశేషాలు. 2025 మేలో సరస్వతి పుష్కరాలు అక్కడే జరిగాయి. రానుపోను 200 కి.మీ. అవుతుంది. ఫ్రాన్స్‌లో పుట్టి ప్రపంచమంతా వ్యాపించిన సుదూర సైకిల్ యాత్రల్లో తొలిమెట్టు కూడా 200 కి.మీ. దూరమే. దానిని 13 గంటల 30 నిమిషాల్లో పూర్తి చేయాలి. హైదరాబాద్‌లోనూ ఇటువంటి యాత్రలు నిర్వహించే సంఘం ఉంది. అయితే భూపాలపల్లి దాటిన తరువాత అడవి, లారీల రద్దీ, దూరదూరంగా ఉండే ఊళ్లు... కొత్తవారు ఒంటరిగా వెళ్లదగిన దారి కాదు.

కావలసింది పెద్ద ఖర్చు కాదు

ఐరోపాలో డాన్యూబ్ నది వెంట జర్మనీలోని పసావు నుంచి ఆస్ట్రియా రాజధాని వియన్నా వరకు 300 కి.మీ.కు పైగా సైకిల్ దారి ఉంది. ఒకప్పుడు గుర్రాలతో పడవలను లాగించిన ఒడ్డు బాటలే అందులో చాలాచోట్ల సైకిల్ దారులయ్యాయి. ఆ దారి వెంట ఉన్న చిన్న చిన్న ఊళ్లలో వసతి గృహాలు, భోజనశాలలు వెలిశాయి. హైదరాబాద్ బాహ్యవలయ రహదారి వెంట సౌరఫలకాల నీడన 23 కి.మీ. సైకిల్ దారిని 2023 అక్టోబరు 1న ప్రారంభించారు.

పరకాల ప్రాంతానికి అంత పెద్ద నిర్మాణాలు అవసరం లేదు. దారులు ఉన్నాయి, కట్టలు ఉన్నాయి. చూడవలసినవీ ఉన్నాయి. లోలెవల్ వంతెనలకు ఇరువైపులా నీటి లోతు చూపే కొలత స్తంభాలు, తారు అంచు తెలిపే తెల్లరాళ్లు, వరద వేళ దారి మూసే గొలుసు, మండల కేంద్రాల్లో దారి సూచించే బోర్డులు ఉంటే చాలు. జాతీయ రహదారి పక్కన మట్టి అంచును తారుతో సమంగా చదును చేస్తే మరీ మంచిది. ఇవి విహారయాత్రికుల కోసం మాత్రమే కాదు. బడికి సైకిల్‌పై వెళ్లే పిల్లలు, పొలానికి వెళ్లే రైతు, తెల్లవారుజామున పాలు మోసే మనిషి రోజూ దాటేది ఈ వంతెనలనే, వెళ్లేది ఈ అంచుల మీదుగానే. సెలవురోజు వచ్చే యాత్రికుడు వాగు పొంగితే వెనక్కి తిరగగలడు. అవతలి ఒడ్డున ఇల్లున్నవాడికి ఆ వెసులుబాటు లేదు.

ఏ దారి... ఎవరికి?

చలివాగు దారి (పరకాల - శాయంపేట - జోగంపల్లి): కొత్తవారికి, పిల్లలతో వెళ్లేవారికి. ఒక ఉదయం చాలు.

మానేరు దారి (పరకాల - మొగుళ్లపల్లి - టేకుమట్ల - గర్మిళ్లపల్లి): కొంత అలవాటున్నవారికి. ఒక రోజు. నది దాటే మార్గం ముందే విచారించుకోవాలి.

గుట్టల దారి (పరకాల - కొడవటంచ - రేగొండ - పాండవుల గుట్టలు): కొంత అలవాటున్నవారికి. ఒక రోజు. జాతర రోజులు మినహా.

కాకతీయుల దారి (పరకాల - రేగొండ - గణపురం - రామప్ప): బాగా అలవాటున్నవారికి. రెండు రోజులైతే మేలు.

కటాక్షపురం దారి (పరకాల - అగ్రంపహాడ్ - కటాక్షపురం): జాతీయ రహదారిపై జాగ్రత్త అవసరం. భారీ వర్షాలప్పుడు వద్దు.

కాళేశ్వరం దారి: సుదూర యాత్రల అనుభవం ఉన్నవారు బృందంగా మాత్రమే వెళ్లాలి.